ఎదిగెడు పిల్లలు మత్తునకేల లోబడుదురు?

మత్తు పదార్థములనగానే మన గ్రామీణులకు కల్లు, సారాయి, బీడీ, గంజాయి జ్ఞప్తికి వచ్చును. ఇవి పెద్దల దురభ్యాసములనియు, పిల్లలు వీని జోలికి పోరనియు చాలకాలము మనము తలచియుంటిమి. కాని హైదరాబాదు పాతనగరమున ఇంకను మీసములు మొలవని బాలురు కొందరు పీల్చుచున్నది వీనిలో ఏదియును కాదు. అది కాగితముపై తప్పుపడిన అక్షరమును కప్పుటకు పూయు తెల్లని ద్రవము. లేక సైకిలు ట్యూబునకు అతుకు వేయు జిగురు. వాడుకలో దీనిని 'వైట్‌నర్' అనియు, 'సొల్యూషన్' అనియు అందురు. చేతిరుమాలుపై కొంచెము పోసికొని, ముక్కునకు ఆనించి పీల్చెదరు. బడిసంచిలోనో పంక్చరు దుకాణములోనో ఉండవలసిన వస్తువు బాలుని రుమాలులోనికి ఎట్లు చేరెను? ఇతర దేశములందును ఇట్లే జరిగినదా? అచ్చటి కారణములే ఇచ్చటను కలవా? ఈ ప్రశ్నలను మేము ఈ నెల పంచాయతీ సభ్యుల యెదుట ఉంచుచున్నాము.

నగరపు గల్లీలలోని సంగతి గ్రామపంచాయతీకి ఏల యని సభ్యులు అడుగవచ్చును. 2015 జనవరిలో పోలీసులు పాతనగరమందలి భవానీనగర్ ప్రాంతమున ఇల్లిల్లు సోదా చేసినప్పుడు, గాజుల తయారీ గదులలో పనిచేయుచున్న బాలురు 200 మందికి పైగా దొరకిరి. వారిలో పెక్కుమంది బీహారు పల్లెలనుండి తేబడినవారు. లాడ్ బజారులో మన ఆడపడుచులు ముచ్చటపడి కొనుక్కొను లక్కగాజుల వెనుక అట్టి గదులు కూడ ఉండెను. ఆ బాలురందరు మత్తు పీల్చిరని మేము చెప్పుటలేదు, అట్లనుట అన్యాయము. మేము చెప్పునది వేరు. పట్టణమున తల్లిదండ్రుల కంటికి దూరముగా నుండు బాలుడు ఏదో ఒక పల్లెనుండి బయలుదేరినవాడే. వాడు బయలుదేరిన దినమున ఆ పల్లెలో ఒక పంచాయతీ ఉండెను. మన జిల్లాలనుండి హోటళ్ల పనికి, కట్టడపు పనికి పట్నము చేరు పిల్లల విషయమును అంతియే.

ఇక లెక్కలు చూతము. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ పక్షమున ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు దేశమంతట విచారణ జరిపి 2019లో నివేదిక వెలువరించిరి. 186 జిల్లాలలో 2 లక్షల ఇండ్లకు పోయి, 4 లక్షల 70 వేలమందికి పైగా జనులను ప్రశ్నించిరి. మద్యము, గంజాయి, నల్లమందు మొదలగువానిలో పెద్దల వాడుకయే హెచ్చుగా నుండెను. పీల్చెడు పదార్థముల విషయమున మాత్రము లెక్క తలక్రిందయ్యెను: పెద్దలలో 0.58 శాతము, 10 మొదలు 17 ఏండ్ల పిల్లలలో 1.17 శాతము. పెద్దలకంటె పిల్లలే హెచ్చుగా వాడు మత్తు ఇది యొక్కటియే. పొగాకు సంగతియు కొంచెము కాదు. 2019లో 13 మొదలు 15 ఏండ్ల విద్యార్థులలో జరిపిన విచారణలో 8.5 శాతము మంది ఏదో ఒక రూపమున పొగాకు వాడుచుండిరి, బాలురలో 9.6, బాలికలలో 7.4. బీడీ రుచి చూచినవారిలో 47 శాతము మంది పదియవ ఏడు నిండకముందే చూచిరి. ఇంటి చూరులో తాత దోపుకొనిన బీడీకట్టయే మొదటి దుకాణమని దీనివలన తోచుచున్నది.

జిగురులోను, తెల్లని ద్రవములోను ఉండు టొలుయీన్ వంటి ద్రావకములు గాలిలో త్వరగా ఆవిరియగును. పీల్చిన ఆవిరి ఊపిరితిత్తులనుండి రక్తములోనికిని, అచ్చటనుండి మెదడులోనికిని క్షణములలో చేరును. మెదడు అధికముగా కొవ్వుతో కూడిన అవయవము. ఈ ద్రావకములు కొవ్వులో కరగును. తల తిరుగును, ఆకలి తెలియదు, నొప్పి తెలియదు, కొంతసేపు భయము తెలియదు. మత్తు స్వల్పకాలమే నిలుచును గనుక బాలుడు మరల మరల పీల్చును. నెలలు గడచుకొలది జ్ఞాపకశక్తి తగ్గును, నడక తడబడును, మూత్రపిండములు చెడును.

ఇందు మరియొక అపాయము కలదు, దీనిని సభ్యులు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. ఈ ఆవిరి గుండె లయను అస్థిరము చేయును. పీల్చి యున్న బాలుని ఎవరైన హఠాత్తుగా బెదరించినను, తరిమినను, వాడు పరుగెత్తినను గుండె ఆగి అక్కడికక్కడ ప్రాణము పోవచ్చును. ఇది మొదటిసారి పీల్చినవానికిని జరుగవచ్చును. కనుక రుమాలు ముక్కునకు పెట్టుకొనిన బాలుడు కనబడినచో కఱ్ఱ తీసికొని వెంటబడరాదు. మెల్లగా పలుకరించి, గాలి వచ్చుచోట కూర్చుండబెట్టి, మత్తు తగ్గువరకు ప్రక్కన ఉండవలెను. స్పృహ తప్పినచో 108కి ఫోను చేయవలెను. మందలింపు మరునాడైనను చేయవచ్చును.

పాతనగరమున బాలుడు దీనికి ఏల లోబడెను? చెడు సావాసమని అందరు చెప్పుదురు. చెడు సావాసమనుట సులభము; ప్రతి తల్లియు పొరుగింటి బిడ్డనే చెడు సావాసమనును, ఆ పొరుగింటి తల్లియు అట్లే అనును. ఆ మాట నిజమే అయినను అది జవాబులో సగమే. జిగురు మద్యముకంటె చవుక. దీనిని అడిగినవాని వయస్సు ఏ దుకాణదారుడును అడుగడు. మాదకద్రవ్యముల 1985 చట్టము జిగురును మాదకద్రవ్యముగా గణింపదు. 2012లో కేంద్రప్రభుత్వము సీసాలలో అమ్ము తెల్లని ద్రవమును, దానిని పలుచన చేయు థిన్నరును చిల్లరగా అమ్మరాదని నిషేధించి, కలము రూపమున నున్నదానిని మాత్రమే అనుమతించెను. అది మంచిపని. కాని జిగురునకు అట్టి కట్టడి వేయుట సులభము కాదు. సైకిలు ఉన్నంతకాలము అతుకు జిగురు ఉండును. వస్తువు చేతికి అందుట ఒక కారణము. ప్రొద్దుట ఆరంభమైన పని రాత్రివరకు ముగియకపోవుట రెండవ కారణము. ఆకలిగొని అలసిన బాలునికి ఆకలిని, అలసటను మరపించు వస్తువు కొలది రూపాయలకు దొరకినచో, దానిని వాడు ఏల విడుచును? వాని ముఖము చూచి 'ఏమిరా, కన్ను ఎఱ్ఱబడినది' అని అడుగువారు లేకపోవుట మూడవది. మా దృష్టిలో ఈ మూడవదియే అన్నిటికంటె పెద్దది. ఇది మా ఊహ మాత్రమే కాదనుటకు ఇతర దేశముల అనుభవమును చూతము.

బ్రెజిలు దేశపు నగరములలో వీథిబాలలు చెప్పులు కుట్టువారి జిగురును పీల్చుట 1980 దశకమునుండియు అచ్చటి పరిశోధకుల దృష్టికి వచ్చెను. వారు అనేక పర్యాయములు విచారణలు జరిపిరి. వీథులలోనే పగలు గడపు పిల్లలలో రెండు తరగతులు వారికి కనబడెను: రాత్రికి ఇంటికి చేరువారు, చేరనివారు. ఇద్దరును బీదవారే. ఇద్దరికిని జిగురు సమానముగా అందుబాటులో నుండెను. అయినను ఇంటికి చేరు పిల్లలలో మత్తు వాడుక ఎంతో తక్కువగా నుండెను. బీదతనమే ఏకైక కారణమైనచో ఈ భేదము ఉండరాదు గదా. అటులని బీదతనము కారణము కాదనుటయు తప్పే. పిల్లవానిని వీథిలోనికి పంపినది బీదతనమే.

జపానులో ఇదే మత్తు వేరొక తరగతి పిల్లలను పట్టుకొనెను. 1960 దశకము చివర టోక్యో వీథులలో యువకులు రంగులలో కలుపు థిన్నరును సంచులలో పోసి పీల్చసాగిరి. ఆకలి కారణము కాదు. ఆనాడు ఆ దేశము శీఘ్రముగా సంపన్నమగుచుండెను. పెద్దలపైని అలుక, బడిలోని ఒత్తిడి, ముఠాలలో కలియవలెనను కోరిక అచ్చట ప్రధాన కారణములని చెప్పుదురు. 1972లో ఆ దేశము విషపదార్థముల చట్టమును సవరించి థిన్నరు పీల్చుటను, పీల్చువారికి తెలిసి అమ్ముటను నేరములుగా చేసెను. వస్తువు ఒక్కటియే, ముక్కు ఒక్కటియే. లోపలి బాధ మాత్రము వేరు.

ఆస్ట్రేలియా నడిమి ఎడారిలోని ఆదివాసి గ్రామముల కథ మన పంచాయతీలకు మిక్కిలి దగ్గరగా నున్నది గావున కొంత వివరముగా చెప్పుచున్నాము. అచ్చట పిల్లలు పీల్చినది పెట్రోలు. దానిని నిషేధించుట ఎట్లు? బండి లేనిదే ఆ ఎడారిలో బ్రతుకులేదు; ప్రతి బండిలోను పెట్రోలు ఉండును. యుఎన్‌డుము అను గ్రామమున 1994లో వార్ల్‌పిరి తెగ పెద్దలు తామే ఒక మార్గము కనిపెట్టిరి. పీల్చు పిల్లలను వందకు పైగా కిలోమీటర్ల దూరమున మౌంట్ థియో అను తమ పూర్వుల చోటికి తీసికొనిపోయి, పెట్రోలుకు దూరముగా, తమ మధ్య ఉంచుకొనిరి. వేట నేర్పిరి, తెగ కథలు చెప్పిరి, కడుపునిండ పెట్టిరి. ఊరిలో మిగిలిన పిల్లలకు రాత్రివేళ ఆటపాటలు ఏర్పరచిరి. కొన్ని ఏండ్లలో ఆ గ్రామమున పెట్రోలు పీల్చుట దాదాపు అంతరించెను. దీనిని ఆరంభించినవారు వైద్యులు కారు, అధికారులును కారు. పెగీ నాంపిజింపా బ్రౌన్ వంటి అవ్వలు, తాతలు.

అయితే అన్ని గ్రామములకు అట్టి పెద్దలు దొరకరు. కనుక 2005లో పీల్చినను మత్తు కలిగించని ఒక రకపు పెట్రోలును అచ్చటికి ప్రత్యేకముగా తయారుచేసి పంపసాగిరి. దానికి ప్రభుత్వము ధనసహాయము చేసెను. ఆరంభపు కొలతలోనే, పరిశీలించిన గ్రామములలో పీల్చువారి సంఖ్య సుమారు 70 శాతము తగ్గినది. పిల్లల మనస్సు మార్చవలెనా, వస్తువును మార్చవలెనా అను వాదమునకు ఆ దేశము రెండును అని జవాబు చెప్పెను. మేమును ఆ జవాబుతో ఏకీభవింతుము.

ఐస్‌లాండు మరియొక తీరు. అది తక్కువ జనసంఖ్య గల చలిదేశము. 1998లో అచ్చట 15, 16 ఏండ్ల పిల్లలలో 42 శాతము మంది గడచిన నెలలో త్రాగి మత్తెక్కితిమని చెప్పిరి. దినదినము పొగత్రాగువారు 23 శాతము. వీరెవరును ఆకలిగొన్నవారు కారు. జేబులో డబ్బు, చేతినిండ తీరిక, చూచువారు లేని సాయంకాలములు. ఇవి అచ్చటి కారణములు. ఆ దేశము ఏమి చేసెను? 13 మొదలు 16 ఏండ్ల పిల్లలు చలికాలమున రాత్రి పదిగంటల తరువాత పెద్దలు తోడులేక బయట తిరుగరాదను నియమమును గట్టిగా అమలు జరిపెను. ఆటలు, సంగీతము నేర్చుటకు నగరపాలక సంస్థలే పిల్లల పేర డబ్బు కట్టెను. తల్లిదండ్రులు ఒక్కచోట చేరి తమలో తాము ఒప్పందములు వ్రాసికొనిరి. అన్నిటికి మించి, బడులలో పిల్లలను ప్రశ్నించి, ఏ ఊరి లెక్కను ఆ ఊరివారి చేతికే ఇచ్చిరి. 2016 నాటికి ఆ 42 శాతము 5 శాతమునకును, ఆ 23 శాతము 3 శాతమునకును దిగినవి.

ఈ కథను విని పాతనగరమునను మైదానములు కట్టినచో చాలునని కొందరు చెప్పుచుందురు. మైదానములు కావలసినదే. కాని తీరిక లేక అలసినవానికి, తీరిక ఎక్కువై చెడినవాని మందు పనిచేయదు. పగలెల్ల గదిలో పనిచేయు బాలుడు ఆ మైదానమునకు ఎప్పుడు పోవును? వానికి ముందుగా కావలసినది విడుదల.

అమెరికా దేశము నేర్పునది వేరు పాఠము. అచ్చట 14 మొదలు 18 ఏండ్ల పిల్లలలో మత్తుమందు అధికమై మరణించినవారు 2019లో 492 మంది. 2020లో 954 మంది. 2021లో 1,146 మంది. ఆ కాలమున పిల్లలలో మత్తు వాడుక పెరిగినదా యనగా, లేదు. బడులలో జరిపిన విచారణల ప్రకారము తగ్గినది. మరి చావులేల హెచ్చినవి? నొప్పిమాత్రలవలె కనబడు నకిలీ మాత్రలలో ఫెంటనిల్ అను అతితీవ్రమైన మందును కలిపి అమ్మిరి. త్రాగువాడు ఎంతమంది యను లెక్కతో పని ముగియదు. త్రాగుదానిలో ఏమి కలిసినదో కూడ తెలియవలెను.

ఇచ్చట మన కల్లు జ్ఞప్తికి రాక మానదు. చెట్టునుండి దించిన కల్లు వేరు, డిపోలో కలిపిన కల్లు వేరు. మన రాష్ట్రమున కల్తీకల్లులో అల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి నిద్రమందులు పలుమారు పట్టుబడినవి. 2015 సెప్టెంబరులో నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో కల్తీపై దాడులు జరిగి ఆ మందులు హఠాత్తుగా ఆగిపోగా, వందలమంది మూర్ఛలతోను, మతిభ్రమతోను ఆసుపత్రుల పాలైరి. తాము త్రాగునది కల్లు మాత్రమే అని వారు అనుకొనియుండిరి. పండుగనాడు, జ్వరము తగ్గిన నాడు చిన్నవానికి ఒక గుక్క పోయుట మన పల్లెలలో కొన్ని ఇండ్ల అలవాటు. ఆ గుక్కలో ఏమున్నదో పోయుచున్న తండ్రికి తెలియదు. దాడులు వలదని మేము అనము; దాడి జరుగు దినముననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు కబురు పోవలెనని మాత్రము అందుము.

పాతనగరపు ధూల్‌పేటయు ఇట్టిదే చెప్పుచున్నది. వినాయక విగ్రహములకు పేరుపొందిన ఆ పేట ఒకప్పుడు గుడుంబా బట్టీలకును పేరుపడెను. 2015, 2016 సంవత్సరములలో ప్రభుత్వము గుడుంబాను అణచి, ఆ వృత్తి మానిన కుటుంబములకు 2 లక్షల రూపాయల సహాయ పథకమును పెట్టెను. తరువాతి ఏండ్లలో గంజాయి చిల్లర అమ్మకము అచ్చటి కొన్ని గల్లీలలో తలయెత్తగా, 2024లో ఆబ్కారీశాఖ మరల ప్రత్యేక దాడులకు దిగవలసి వచ్చెను. ఒక సరకు పోయి మరియొక సరకు వచ్చెను. పొట్లము చేరవేయుటకు చిన్నపిల్లలను వాడుకొనుట ఏ దేశమునందైనను ఈ వర్తకుల ఎత్తుగడయే. పట్టుబడినను శిక్ష తక్కువని వారి లెక్క. మన బాలల న్యాయ చట్టము, 2015, పిల్లవానిచే మత్తుపదార్థమును అమ్మించినవానికిని, మోయించినవానికిని, పిల్లవానికి మద్యమో పొగాకో మాదకద్రవ్యమో ఇచ్చినవానికిని ఏడేండ్లవరకు కఠిన కారాగారమును, లక్ష రూపాయలవరకు జరిమానాను విధించుచున్నది. ఈ సంగతి ఊరి కిరాణా దుకాణదారునికి తెలియునా? 2003 పొగాకు చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండనివారికి అమ్మరాదనియు, బడికి వంద గజములలోపల అసలే అమ్మరాదనియు తెలియునా?

పంచాయతీ చేయగలది ఏమి? గ్రామస్థాయి బాలల సంరక్షణ సంఘము అనునది ప్రతి గ్రామమున ఉండవలెను. దానికి అధ్యక్షుడు సర్పంచియే. మా వారు తిరిగిన కొన్ని గ్రామములలో ఆ సంఘము రిజిస్టరులో నుండెను గాని, ఎన్నడు కూడెనని అడుగగా చెప్పగలవారు కనబడలేదు. ఆ సంఘము మొదట ఒక్క లెక్క తీసికొనవలెను: పది మొదలు పదునెనిమిదేండ్ల పిల్లలలో బడిలో లేనివారు ఎందరు, వారిలో ఊరిలో లేనివారు ఎందరు, వారిని తీసికొనిపోయినవాడు ఎవడు, వారు ఏ పేటలో ఏ పనిలో నున్నారు. ఐస్‌లాండువారు తమ ఊరి లెక్కను చేతపట్టుకొనియే పని మొదలుపెట్టిరి గదా. బడి ఉపాధ్యాయుడు, అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త కలిసి కూర్చున్నచో ఈ లెక్క ఒక దినమున తేలును.

మరియొక సంగతి. ప్రతి సంవత్సరము జనవరిలో 'ఆపరేషన్ స్మైల్', జులైలో 'ఆపరేషన్ ముస్కాన్' పేర పోలీసులు పనిలోనున్న పిల్లలను విడిపించి ఇండ్లకు పంపుచున్నారు. ఇంటికి చేరిన బాలుని చూచుటకు మొదటి దినమున అందరు వత్తురు; పదియవ దినమున ఎవరును రారు. అప్పు అట్లే ఉండును, బడిలో వాని తోటివారు రెండు తరగతులు ముందుకు పోయియుందురు, పట్నమున నేర్చిన అలవాటు వాని జేబులోనే ఉండవచ్చును. వార్డు సభ్యుడు ఒకరు ఆ ఇంటికి వారమునకొకసారి పోయి, వానితో పది నిమిషములు కూర్చుండుట మేము సూచించు పని. వాడు పొలమునకు పోవుచున్నాడా, అన్నము తినుచున్నాడా, రాత్రి నిద్రించుచున్నాడా అని అడుగవలెను. బట్టలకు ద్రావకపు వాసన, ముక్కు చుట్టు పుండ్లు, పెదవులపై తెల్లని మరకలు కనిపించినచో కేకలు వేయక వైద్యునికి చూపవలెను.

చికిత్సకు వచ్చినచో కేసు పెట్టుదురను భయముతో పెక్కు కుటుంబములు దాచిపెట్టుచున్నవి. గంజాయి వంటివానికి అలవాటుపడి, స్వల్ప పరిమాణముతోనో సొంత వాడుకలోనో పట్టుబడినవాడు తానై చికిత్సకు వచ్చినచో 1985 చట్టమందలి 64-ఎ సెక్షను వానికి శిక్షనుండి రక్షణ కల్పించుచున్నది. ఈ మాట గ్రామసభలో ఒకసారి బిగ్గరగా చదివిన మేలు. హైదరాబాదులో ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయమున వ్యసన విముక్తి విభాగము కలదు. 14446 అను సంఖ్యకు ఖర్చులేక ఫోను చేసినచో దగ్గరి కేంద్రము ఎచ్చటనున్నదో చెప్పుదురు. పిల్లవాడు పనిలోనో ఆపదలోనో ఉన్నాడని తెలిసినచో 1098కి రాత్రియైనను పగలైనను ఫోను చేయవచ్చును. చేసినవారి పేరు బయట పెట్టరు.